పేజీ వదిలే వేళ ఏ ఈవెంటు మేలు?

సగం నింపిన ఫారాన్ని, వాడుకరి పేజీ వదిలి వెళ్ళేటప్పుడు ఏ ఈవెంటులో (ఏదైనా జరిగినప్పుడు బ్రౌజరు మన కోడుకు పంపే సంకేతంలో) భద్రపరచాలని తిరుపతిలో మా దగ్గర వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకునే విద్యార్థులు పదేపదే అడుగుతుంటారు. అన్‌లోడ్ (పేజీ తొలగిపోతున్నప్పుడు వచ్చేది), బిఫోర్‌అన్‌లోడ్ (అంతకు ముందు వచ్చేది), పేజ్‌హైడ్ (పేజీని వదిలి వెళ్ళేటప్పుడు వచ్చేది), విజిబిలిటీచేంజ్ (పేజీ తెర మీద కనబడడం, మరుగవడం మారినప్పుడు వచ్చేది) అనే నాలుగింటి మధ్య ఎంపికను, ఫోనులో అవి ఎలా పనిచేస్తాయో చూసి తేల్చుకోవాలని నా అభిప్రాయం.

అలిపిరి దగ్గర బస్సులో కూర్చుని, ఊళ్ళో లాడ్జి గది కోసం ఫారం నింపుతున్న యాత్రికుణ్ణి తీసుకుందాం. పేర్లు, వయసులు నింపాక ఓటీపీ చూసుకోవడానికి మెసేజీల యాప్‌లోకి వెళ్తాడు. ఈలోగా ఫోన్ వస్తుంది. మాట్లాడడం అయ్యాక, తెరిచి ఉన్న యాప్‌లన్నిటితో పాటు బ్రౌజరునూ పైకి తోసేస్తాడు, లేదా మెమరీ చాలక ఆండ్రాయిడే దాన్ని మూసేస్తుంది. అప్పుడు అన్‌లోడ్, బిఫోర్‌అన్‌లోడ్, పేజ్‌హైడ్‌లలో ఏదీ రాకపోవచ్చు. అతడు మెసేజీలకు మారినప్పుడు వచ్చిన విజిబిలిటీచేంజే మనకు దక్కే చివరి నమ్మకమైన అవకాశం. అందువల్ల పేజీ స్థితి హిడెన్ (మరుగు) కాగానే నింపినంత వరకు లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజరులోనే సమాచారం దాచుకునే చోట) రాసుకుని, సర్వరుకు పంపవలసింది ఉంటే 64 కేబీ పరిమితికి లోబడి సెండ్‌బీకన్‌తో (పేజీ మూతపడుతున్నా చిన్న సమాచారాన్ని సర్వరుకు పంపే బ్రౌజరు సదుపాయంతో) పంపడమే మేలు. అయితే ట్యాబు మారిన ప్రతిసారీ ఈ ఈవెంటు వస్తుంది కాబట్టి, ఎన్నిసార్లు జరిగినా నష్టం లేని పనులే ఇక్కడ చేయాలి; దరఖాస్తును సమర్పించడం, లాగౌట్ చేయడం వంటివి ఎంతమాత్రం తగవు.

పేజ్‌హైడ్‌ను దీనికి తోడుగా ఉంచుకోవచ్చు. 14.5 కంటే పాత సఫారీలో వేరే పేజీకి వెళ్ళినప్పుడు విజిబిలిటీచేంజ్ రాదు గనుక, అక్కడ ఇదే ఆదుకుంటుంది.

బిఫోర్‌అన్‌లోడ్ పని హెచ్చరించడం వరకే. 2016లో వచ్చిన క్రోమ్ 51 నుంచి అందులో మన సొంత వాక్యం కనిపించదు. తెలుగులో ఎంత మర్యాదగా రాసినా బ్రౌజరు తన మాటే చూపిస్తుంది. భద్రపరచని మార్పులు ఉన్నంతసేపే దాన్ని తగిలించి, అవి భద్రమయ్యాక తీసేయాలి.

అన్‌లోడ్‌ను కొత్త కోడులో వాడవద్దు. డెస్క్‌టాప్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అది ఉన్న పేజీని బ్యాక్-ఫార్వర్డ్ క్యాష్‌లో (వెనక్కి వస్తే వెంటనే చూపడానికి బ్రౌజరు పేజీని ఉన్నదున్నట్టు దాచుకునే చోట) ఉంచరు. వెనక్కి నొక్కినవారికి పేజీ మళ్ళీ మొదటి నుంచి లోడవుతుంది. పైగా క్రోమ్ దాన్ని క్రమంగా తొలగిస్తోంది.

ఒకే పేజీలో తిరిగే యాప్‌లకు పాప్‌స్టేట్ (వెనక్కి, ముందుకు నొక్కినప్పుడు వచ్చే ఈవెంటు) ఉన్నా, పుష్‌స్టేట్ (పేజీని మళ్ళీ లోడు చేయకుండా చిరునామాను మార్చే ఫంక్షన్) పిలిచినప్పుడు అది రాదు. పేజీ కదలికలన్నిటినీ ఒకచోట తెలిపే కొత్త నావిగేషన్ ఏపీఐ ఆ లోటు తీరుస్తుంది.

ఏది ఎంచుకున్నా, పరీక్షను ల్యాప్‌టాప్‌లో ట్యాబు మూసి చూడడంతో ఆపక, చేతిలోని ఫోనులో వేరే యాప్‌కు మారి, బ్రౌజరును పైకి తోసేసి, మళ్ళీ తెరిచి ఫారం నిలిచిందో లేదో చూడండి.