మాక్ టెస్టులో కనిపించని మూడు సవరణల హద్దు

ఎంబీఏ వంటి మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్ కోసం పదకొండు నెలల పాటు ఒకే ఆన్‌లైన్ శిక్షణ చందాతో చదివి, రెండుసార్లు పరీక్ష రాసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. పాఠాలెన్ని, ప్రశ్నలెన్ని అన్న వివరాల జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్క విషయం: ఆ యాప్‌లోని మాక్ టెస్టుల్లో జవాబులను ఎన్నింటినైనా మార్చుకోవచ్చు, అసలు పరీక్షలో అది కుదరదు.

2023 నవంబరులో పరీక్ష కొత్త రూపంలోకి మారినప్పటి నుంచి, ప్రతి విభాగంలోనూ ప్రశ్నలన్నీ పూర్తిచేశాక సమయం మిగిలితే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఎన్ని ప్రశ్నలకైనా బుక్‌మార్క్ పెట్టుకోవచ్చు, అన్నింటినీ మళ్లీ చదువుకోవచ్చు. మార్చగలిగేది మాత్రం విభాగానికి మూడు జవాబులే. ఈ నిబంధన నాకు తెలియక కాదు, మొదటి వారంలోనే చదివాను. అయితే వారం వారం మాక్ టెస్టు రాస్తూ, సందేహం వచ్చిన ప్రతిచోటా ఏదో ఒక జవాబు నొక్కి ముందుకు వెళ్లి, చివరి ఏడెనిమిది నిమిషాల్లో ఆరేడు జవాబులు సరిచేసుకోవడం నాకు అలవాటైపోయింది. చదివిన నిబంధన కాగితం మీదే ఉండిపోయింది.

మొదటిసారి పరీక్షలో, పట్టికలూ గ్రాఫుల వంటి సమాచారాన్ని విశ్లేషించే డేటా ఇన్‌సైట్స్ విభాగం ఇరవై ప్రశ్నలనూ ఆరు నిమిషాలు మిగిలి ఉండగా ముగించాను. ఎనిమిది బుక్‌మార్కులు ఉన్నాయి. అలవాటు ప్రకారం మొదటి దాని నుంచి వరుసగా మొదలుపెట్టాను. మొదటి రెండూ పట్టికల ప్రశ్నలు. ఖచ్చితంగా తప్పు పట్టుకున్నానని చెప్పలేను, రెండోసారి చదివినప్పుడు వేరే జవాబు మెరుగ్గా అనిపించి మార్చాను. మూడోదీ అలాగే మారింది. నాలుగోది డేటా సఫిషియెన్సీ ప్రశ్న, అంటే ఇచ్చిన సమాచారం జవాబు తేల్చడానికి సరిపోతుందా లేదా అని అడిగేది. పరీక్షలోని ప్రశ్నలను బయట చెప్పకూడదు కనుక, అదే రకం పొరపాటుకు దారితీసే మరో ప్రశ్న ఇక్కడ రాస్తున్నాను. ఎక్స్ విలువ ఎంత అని అడిగి, ఎక్స్ వర్గం 9 అని మొదటి సమాచారంగా, ఎక్స్ సున్నా కంటే తక్కువ అని రెండో సమాచారంగా ఇస్తే, తొందరలో మొదటిదే సరిపోతుందని అనిపిస్తుంది. మైనస్ 3 కూడా ఉందని గుర్తొస్తే రెండూ కలిస్తేనే జవాబు తేలుతుందని అర్థమవుతుంది. సరిగ్గా ఇటువంటి పొరపాటే నాలుగో ప్రశ్నలో నా కళ్లెదుట స్పష్టంగా కనిపించింది. సరైన జవాబు ఏదో ఏ సందేహమూ లేకుండా తెలుసు, మార్చడానికి మాత్రం వీలు లేదు. మిగిలిన నాలుగు నిమిషాలూ ఆ తెరను చూస్తూ కూర్చున్న బాధ ఇప్పటికీ తగ్గలేదు.

నష్టం అక్కడితో ఆగలేదని తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఈ పరీక్షలో తర్వాతి ప్రశ్న ఎంత కఠినంగా రావాలన్నది అప్పటివరకు మనం ఇచ్చిన జవాబులను బట్టి ఉంటుంది. తర్వాత దిద్దుకోవచ్చులే అని తొందరపడి ఇచ్చిన తప్పు జవాబు, చివర్లో సవరించినా సరే, మధ్యలో వచ్చే ప్రశ్నల మీద అప్పటికే ప్రభావం చూపి ఉంటుంది.

ఆ రోజు స్కోరు 595. అంతకుముందు నెలలోని మాక్ టెస్టులు 675 దగ్గర నిలకడగా ఉండేవి. యాప్ మొదటి జవాబునూ, చివరి జవాబునూ విడివిడిగా దాచి ఉంచుతుంది కాబట్టి ఒక సాయంత్రం కూర్చుని పాతవన్నీ తిరగేశాను. ఒక టెస్టులో మూడు విభాగాలూ కలిపి పంతొమ్మిది జవాబులు మార్చాను, అసలు పరీక్షలో అయితే తొమ్మిదికి మించడానికి వీల్లేదు. నాలుగో నెలలో నా స్కోరు పెరుగుదలను చూపించి ఇద్దరు సహోద్యోగులకు ఈ చందా తీసుకోమని గట్టిగా చెప్పాను. ఆ పెరుగుదలలో కొంత భాగం ఈ వెసులుబాటు వల్ల వచ్చిందేనని ఇప్పుడు వాళ్లకు విడిగా చెప్పాను. పరీక్ష నిర్వహించే సంస్థ ఇచ్చే ఉచిత మాక్ టెస్టుల్లో ఈ హద్దు ఉంది. నేను అందులో ఒకటి రాసినప్పుడు వెనక్కి చూసుకునేందుకు సమయమే మిగలలేదు, అందుకే ఆ హద్దు నాకు తగల్లేదు. శిక్షణ సంస్థకు లేఖ రాస్తే, నేర్చుకునేవారి సౌలభ్యం కోసమే అలా ఉంచామని జవాబు వచ్చింది. నేర్చుకునేటప్పుడు ఆ సౌలభ్యం ఉండవచ్చు. మాక్ టెస్టు అని పేరు పెట్టి, స్కోరు కూడా ఇచ్చేచోట ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

రెండో ప్రయత్నానికి పదహారు రోజులు ఆగితే చాలు, నేను రెండు నెలలు తీసుకున్నాను. ప్రతి విభాగం మొదట్లో, చిత్తు లెక్కలు రాసుకునే నోట్‌బోర్డు మూలన మూడు గీతలు గీసుకుని, జవాబు మార్చిన ప్రతిసారీ ఒకటి కొట్టివేయడం అలవాటు చేసుకున్నాను. సందేహం ఏమిటో ఒక్క మాటలో చెప్పగలిగితేనే బుక్‌మార్క్ పెట్టేదాన్ని. వెనక్కి వచ్చాక ముందు అన్నీ చదివి, తప్పు ఖచ్చితంగా తేలిన వాటికే గీతలు ఖర్చు పెట్టేదాన్ని. స్కోరు 655 వచ్చింది. అదంతా గీతల వల్లనే అనను, ఆ రెండు నెలల్లో వెర్బల్ (ఇంగ్లిష్ పఠనం, తర్కం) విభాగం కూడా మెరుగుపడింది.

ఇంత చెప్పినా ఈ చందా వద్దని అనలేకపోతున్నాను. గణితం వదిలి ఎనిమిదేళ్లయిన నాకు, ఉద్యోగం ముగించుకుని రాత్రి గంటన్నర మాత్రమే చదవగలిగిన నాకు, అందులోని పాఠాలూ, పాత తప్పులను వారం తర్వాత మళ్లీ ముందుకు తెచ్చే పట్టికా నిజంగా మేలు చేశాయి. పునాది గట్టిగా ఉండి, కేవలం మాక్ టెస్టుల కోసం వెతికేవారి పరిస్థితి వేరు, వారు పరీక్ష నిర్వహించే సంస్థ టెస్టులతోనే మొదలుపెట్టడం మంచిదని నాకు అనిపిస్తుంది. నేను మాత్రం మూడోసారి రాయాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. చందాను మూడు నెలలు పొడిగించుకున్నాను, పాఠాలకూ తప్పుల పట్టికకూ మాత్రమే వాడుతున్నాను.