ఫిజియాలజీ ల్యాబ్‌లో బీపీ, హార్ట్ రేట్ రికార్డింగ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా ల్యాబ్‌లో అటానమిక్ ఫంక్షన్ టెస్టులు చేస్తాం. షుగర్ వచ్చి చాలా ఏళ్లయినవాళ్లలో గుండెను, రక్తనాళాలను నడిపే నరాలు ఎంతవరకు పనిచేస్తున్నాయో ఇవి చెబుతాయి. ఎడిన్‌బరోలో ఈవింగ్ బృందం వాడుకలోకి తెచ్చిన ఐదు పరీక్షలే ఇప్పటికీ మాకు ఆధారం: గట్టిగా ఊది పట్టడం, నెమ్మదిగా లోతుగా ఊపిరి తీయడం, లేచి నిలబడినప్పుడు గుండె వేగం, నిలబడినప్పుడు బీపీ, పిడికిలి బిగించినప్పుడు బీపీ. వీటి కోసం నాలుగు రకాల సాధనాలు వాడాను. పాదరసం మెషీన్, భుజానికి కట్టే ఆటోమేటిక్ మెషీన్, కంప్యూటర్‌కు కలిపిన ఈసీజీ, వేలికి తొడిగే కంటిన్యువస్ బీపీ పరికరం. కొత్తగా ల్యాబ్ పెట్టుకునేవాళ్లు “ఏది కొనమంటారు మేడమ్?” అని అడుగుతుంటారు. మీరు చూడాలనుకున్న మార్పు ఎన్ని సెకన్లలో వచ్చి పోతుందో ముందు చెప్పండి అంటాను. ధర, కంపెనీ ఆ తర్వాతి మాట.

ముందు ఆటోమేటిక్ మెషీన్ సంగతి. అందరి దగ్గరా ఉండేది అదే కాబట్టి దాని మీదే అపోహలూ ఎక్కువ. అది మనలా శబ్దం వినదు. కఫ్‌లో, అంటే చేతికి చుట్టే పట్టీలో, గాలి తగ్గుతున్నప్పుడు నాడి కొట్టుకున్నప్పుడల్లా కఫ్ లోపల చిన్న అదురు వస్తుంది. ఆ అదురు అన్నిటికంటే పెద్దగా ఉన్నచోట ఒత్తిడి ఎంతో అదే సగటు బీపీ. పైసంఖ్య, కిందిసంఖ్య రెండూ దాన్ని బట్టి లెక్క కట్టినవే. ఆ లెక్క ఏ కంపెనీది ఆ కంపెనీదే, బయటపెట్టరు. అందుకే ఒక స్టడీ మొదలుపెట్టాక మధ్యలో మెషీన్ మార్చకూడదు. పాతది పాడైతే అదే మోడల్ తెప్పించండి, నెల ఆలస్యమైనా సరే.

కుదురుగా కూర్చున్న మనిషికి మాత్రం ఇది చక్కటి సాధనం. బీపీ మెషీన్లను పరీక్షించడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 81060-2 ప్రకారం కనీసం 85 మంది మీద పరీక్షించాలి. ప్రామాణిక పద్ధతిలో చూసిన అంకెతో సగటు తేడా 5 మిల్లీమీటర్లకు (బీపీని పాదరసం మిల్లీమీటర్లలోనే కొలుస్తాం) మించకూడదు, ఆ తేడాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ 8కి మించకూడదు. కొనేముందు ఆ మోడల్‌కు ఈ పరీక్ష జరిగిందా అని అడగండి. ఈ అంకెలు చాలామందికి కలిపి వేసిన లెక్క అని కూడా గుర్తుంచుకోవాలి. ఒక మనిషిలో 5 మిల్లీమీటర్ల మార్పు కనిపించగానే మందు పనిచేసిందని రాసేయడానికి ఈ మెషీన్ చాలదు. ఐదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చోబెట్టి, నిమిషం విరామంతో రెండు మూడు రీడింగులు తీసి సగటు వేస్తే నమ్మొచ్చు.

మెషీన్ తెచ్చే తేడాకంటే మనిషి కూర్చునే తీరు తెచ్చే తేడా పెద్దది. చేయి గుండె మట్టం నుంచి పది సెంటీమీటర్లు కిందికి జారితే రీడింగ్ ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది ఉత్త ద్రవపీడనం లెక్క, ఏ కంపెనీ మెషీన్ అయినా తప్పదు. కఫ్ లోపలి బ్లాడర్ (గాలి సంచి) పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం రావాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఇక మాటలు. మనవాళ్లు కుర్చీలో కూర్చోగానే వరసలు కలుపుతారు, “మీదే ఊరమ్మా?” అని అడుగుతారు. జవాబు చెప్పకపోతే బాగుండదు, చెబితే ఇద్దరం మాట్లాడుతూనే ఉంటాం, వాళ్ల బీపీ పైకి ఎగబాకుతుంది. అందుకే మా దగ్గర ఆ కబుర్లన్నీ కఫ్ కట్టకముందే. కట్టాక “ఇక మాట్లాడొద్దు పెద్దాయనా, చేయి వదులుగా పెట్టండి” అని చెప్పి పక్కకు తప్పుకుంటాం.

పిడికిలి పరీక్ష దగ్గర ఆటోమేటిక్ మెషీన్ చేతులెత్తేస్తుంది. పట్టు బలం కొలిచే డైనమోమీటర్‌ను గట్టిగా నొక్కమని ముందు వాళ్ల పూర్తి బలం చూస్తాం. ఆ తర్వాత అందులో 30 శాతం బలంతో, ఓపిక ఉన్నంతసేపు, గరిష్ఠంగా ఐదు నిమిషాలు పట్టి ఉంచాలి. డయాస్టాలిక్ (కిందిసంఖ్య) 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే నరాలు బాగున్నట్టు, 10 గానీ అంతకంటే తక్కువ గానీ పెరిగితే లోపం ఉన్నట్టు. బీపీ చూసేది రెండో చేతికే అయినా, పట్టు బిగించినకొద్దీ ఒళ్లంతా బిగుసుకుని ఆ వణుకు ఇటు కూడా పాకుతుంది. మెషీన్‌కు నాడి అదురు, కండరం అదురు కలిసిపోయి మళ్లీ గాలి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అది రెండోసారి ఊదేలోపు పెద్దాయన పట్టు వదిలేస్తారు. ఇక్కడ నేను ఇప్పటికీ స్టెతస్కోపే వాడతాను. 1905లో రష్యన్ డాక్టర్ కొరొట్కాఫ్ చెప్పిన, నాడి శబ్దం వినే పద్ధతి ఈ ఒక్క పరీక్షలో ఆటోమేటిక్‌ను సులువుగా ఓడిస్తుంది. సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గాలి వదిలే చేయి ఉంటే చాలు.

పాదరసం మెషీన్ గురించి ఎక్కువ చెప్పను. నమ్మకమైనది, కాలం చెల్లుతున్నది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న 2013 నాటి మినామాటా ఒప్పందం దాని తయారీకే గడువు పెట్టింది. స్కేలు మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఉంటాయి కాబట్టి బేసి సంఖ్య రావడానికే వీల్లేదు. ఎవరి రికార్డులోనైనా 120, 130, 140 అని సున్నాలే వరసగా కనిపిస్తే, ఆ చూసినవాళ్లు అంకెను దగ్గరి సున్నాకు సర్దేస్తున్నట్టే, వాళ్లకు మళ్లీ శిక్షణ ఇవ్వాలి.

హార్ట్ రేట్‌కు వస్తే నా అభిప్రాయం ఖరాకండిగా చెబుతాను: పరిశోధనకు ఈసీజీ తప్ప మరొకటి వద్దు. ఆటోమేటిక్ మెషీన్ చూపించే పల్స్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ చూపించే పల్స్ కొన్ని బీట్ల సగటు. లోతైన శ్వాస పరీక్షలో మనకు కావలసిందే బీట్‌కూ బీట్‌కూ మధ్య తేడా. నిమిషానికి ఆరు శ్వాసలు, అంటే ఐదు సెకన్లు లోపలికి, ఐదు సెకన్లు బయటికి. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడిని కూర్చోబెడితే హార్ట్ రేట్ గీత ఊపిరి లోపలికి వెళ్లినప్పుడు లేస్తుంది, బయటికి వచ్చినప్పుడు దిగుతుంది. ఆ ఎగుడుదిగుడు 15 బీట్లు దాటితే సంతోషం. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న ఒకావిడ అదే కుర్చీలో కూర్చుని, చెప్పినట్టే, ఎంతో శ్రద్ధగా ఊపిరి తీస్తుంటే గీత కదలదు. బల్లమీద స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఆవిడకు ఏ బాధా తెలియదు, విశ్రాంతిలో బీపీ కూడా మామూలుగానే ఉంటుంది. సగటు చూపించే పరికరం పెట్టి ఉంటే “84, నార్మల్” అని పంపించేసేవాళ్లం. ఈ పనిమీద నాకున్న పట్టుదలంతా ఆ గీతను చూసి వచ్చిందే.

నిమిషానికి 72 అంటే బీట్‌కూ బీట్‌కూ మధ్య దాదాపు 833 మిల్లీసెకన్లు. సెకనుకు వంద శాంపిళ్లు (కొలతలు) తీసే పరికరానికి ప్రతి బీట్ దగ్గరా పది మిల్లీసెకన్ల వరకు అస్పష్టత ఉంటుంది, అసలే చిన్న మార్పులు అందులో మునిగిపోతాయి. మేం వెయ్యి శాంపిళ్లు తీస్తాం. హార్ట్ రేట్ వేరియబిలిటీ, అంటే బీట్ల మధ్య విరామం ఎంత మారుతుందో చూసే పరీక్ష, చేసేవాళ్లు 1996 నాటి యూరోపియన్, అమెరికన్ సంఘాల ఉమ్మడి మార్గదర్శకాలు చదివే ఉంటారు, అందులోని ఐదు నిమిషాల రికార్డింగే మా పద్ధతీనూ. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెను నేరుగా తీసుకోకండి. రికార్డింగ్ మొత్తం కంటితో చూడాలి. ఒక్క ఎక్టోపిక్ బీట్ (వేళ తప్పి వచ్చే బీట్) దొర్లినా ఫలితం తలకిందులవుతుంది.

ఈసీజీకి మన గదుల్లో అసలు శత్రువు 50 హెర్ట్జ్ కరెంటు. ఎర్తింగ్ సరిగా లేకపోతే గీత మీద సన్నటి వెంట్రుకల్లా మొలుస్తాయి. ఫ్యాన్ రెగ్యులేటర్, పాత ట్యూబ్‌లైట్ చోక్ రెండూ ఇందులో భాగస్తులే. ఫ్యాన్ ఆపుదామంటే మే నెలలో మనిషి చెమటకు ఎలక్ట్రోడ్ ఊడి వస్తుంది. ఏసీ పెంచితే వేళ్లు చల్లబడి, వేలి పరికరానికి నాడి దొరకదు. చివరికి ఎర్తింగ్ కొత్తగా వేయించి, గది 25 డిగ్రీల దగ్గర నిలిపాం. ల్యాబ్‌లో పెట్టిన ఖర్చులన్నిట్లో నాకు బాగా కిట్టుబాటైంది ఈ ఎర్తింగే.

ఇక వేలి పరికరం. చెక్ శాస్త్రవేత్త పెన్యాజ్ 1973లో చెప్పిన పద్ధతి ఇది. వేలికి చిన్న కఫ్, అందులో ఇన్‌ఫ్రారెడ్ కాంతి. ధమని ఉబ్బబోతే కఫ్ ఆ క్షణంలోనే బిగిస్తుంది, తగ్గబోతే వదులుతుంది, ధమని సైజు మారనివ్వదు. అందుకోసం కఫ్ పెట్టిన ఒత్తిడే ఆ క్షణంలోని బీపీ. ప్రతి బీట్‌కూ బీపీ ఉంటుంది మన చేతిలో. మనిషి లేచి నిలబడగానే మొదటి 15 సెకన్లలో బీపీ ఒక్కసారి జారి మళ్లీ నిలదొక్కుకుంటుంది. భుజం మెషీన్ గాలి కొట్టుకుని, వదిలి, అంకె చూపించేసరికి ఆ కథ అయిపోతుంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయని వచ్చినవాళ్లలో కొందరికి ఆ పదిహేను సెకన్లలోనే సమాధానం దొరికింది. గట్టిగా ఊదే పరీక్ష కూడా అంతే. 40 మిల్లీమీటర్ల ఒత్తిడితో 15 సెకన్లు ఊదుతుంటే బీపీ పడడం, తేరుకోవడం, వదిలాక ఎగదన్నడం దశలు దశలుగా తెరమీద కనిపిస్తాయి.

లోపాలూ ఉన్నాయి. వేలి బీపీ భుజం బీపీతో సమానం కాదు. నాడి తరంగం చివరికి వెళ్లేకొద్దీ ఆకారం మారుతుంది. కాబట్టి అసలు అంకె భుజం దగ్గర తీసుకుని, మార్పును మాత్రం వేలి దగ్గర చూడటం నా పద్ధతి. మధ్యమధ్యలో పరికరం తనంతట తాను సరిచూసుకోవడానికి ఆగుతుంది. ఆ ఆగడం సరిగ్గా ఊదే సమయంలోనే వచ్చిందంటే ఆ ప్రయత్నం వృథా. అందుకని పరీక్షకు కాస్త ముందు ఆ సరిచూసుకోవడాన్ని ఆపి, పరీక్ష అవగానే మళ్లీ పెట్టాలి. ఈ సంగతి మాకు సరఫరా చేసినవాళ్లెవరూ డెమోలో చెప్పలేదు. ఎక్కువసేపు ఉంచితే వేలి కొన నీలంగా మారి తిమ్మిరెక్కుతుంది, వేలు మార్చాలి. చేయి ఎత్తు తేడాను సరిచేసే సెన్సర్ పెట్టకుండా నిలబెట్టే పరీక్ష చేయకండి. అరిగిపోయే కఫ్‌ల ధర మొదటి కొటేషన్‌లోనే రాయించుకోండి. మాకు ఆ లెక్క తర్వాత తెలిసి ఏడాది బడ్జెట్ తారుమారైంది.

విశ్రాంతిలో బీపీ, ముందూ తర్వాతా పోలిక, యోగా గానీ మందు గానీ వారాలపాటు ఇచ్చి చూసే స్టడీ అయితే మంచి ఆటోమేటిక్ మెషీన్, మూడు సైజుల కఫ్‌లు చాలు. మిగిలిన డబ్బు ఈసీజీకి పెట్టండి. సెకన్లలో జరిగే మార్పు కావాలంటేనే వేలి పరికరం జోలికి వెళ్లండి. పీజీ థీసిస్ కోసమైతే సొంతంగా కొనకండి, ఉన్న ల్యాబ్‌తో మాట్లాడుకుని వాడుకోండి. ఏది కొన్నా డెమో మీ గదిలోనే, మీ ఫ్యాన్ తిరుగుతుండగానే పెట్టమనండి. కూర్చునేది వాళ్ల ఇంజనీర్ కాకుండా మీ దగ్గరికి వచ్చే అరవై ఏళ్ల మనిషి కావాలి. రికార్డింగ్ అయ్యాక బీట్‌కు బీట్ డేటా మామూలు ఎక్సెల్ ఫైల్‌గా అప్పటికప్పుడే తీసి ఇమ్మనండి. “తర్వాత పంపిస్తాం మేడమ్” అంటే ఆర్డర్ కూడా తర్వాతే ఇవ్వండి.