శ్రీకాకుళంలో కీళ్లవాతం క్లినిక్: జ్వరం వచ్చిన రోజుకి ఎంతవరకు పనికొస్తుంది?

కీళ్లవాతం డాక్టరు ఎలా చూస్తున్నారని అడిగితే మన జిల్లాలో ఎవరైనా ముందు చెప్పేది నొప్పి ఎన్నాళ్లకి తగ్గిందన్న సంగతే. నొప్పి తగ్గించడం స్టెరాయిడ్ బిళ్లకీ చేతనవును. రుమటాయిడ్, లూపస్, వాస్క్యులైటిస్ లాంటి, ఒంటి రక్షణ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బుల్లో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ఇన్ఫెక్షన్ ముందు వరసలో ఉంటుంది. జబ్బే ఒంటి రక్షణని గాడి తప్పిస్తుంది, దాన్ని అదుపు చేయడానికి వేసే మందులు ఆ రక్షణని ఇంకొంత తగ్గిస్తాయి. అందుకే ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచివెళ్లే దూరంలో, విశాఖ నుంచి రుమటాలజిస్టు వచ్చి వారానికొకసారి చూసే ఈ క్లినిక్‌ని ఆ ఒక్క కోణం నుంచే ఇక్కడ తూకం వేస్తున్నాం.

ముందు మందుల చీటీ. కీళ్లవాతానికి ఎక్కువగా వాడే మెథోట్రెక్సేట్ బిళ్ల రాసిన ప్రతి చీటీ మీద ఇక్కడ ఎర్ర ఇంకుతో, తెలుగులో, ‘బుధవారం మాత్రమే’ అని రాసి చుట్టూ గీత గీస్తారు. ఆ మందు దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు శుక్రవారం అని దాని కిందే ఉంటుంది. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఈ మందుతో జరిగే ఘోరాల్లో ఎక్కువ భాగం వారానికి ఒకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం వల్లే. అలా వారం రోజులు మింగితే నోరంతా పూస్తుంది, తెల్ల కణాలు పడిపోతాయి, ఆ తర్వాత వచ్చే చిన్న ఇన్ఫెక్షన్ కూడా రక్తంలోకి పాకుతుంది. నాలుగు వారాలకి సరిపడా బిళ్లలే రాయడం కూడా మంచి పద్ధతి.

అయితే ఒక లోటు ఉంది. చీటీలో ‘ఆరు బిళ్లలు’ అని రాసి, పక్కన ఒక్కో బిళ్ల 2.5 మిల్లీగ్రాములన్నది చిన్న అక్షరాల్లో పెడుతున్నారు. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. మందుల షాపులో 2.5 లేదని 7.5 స్ట్రిప్పు చేతిలో పెడితే ఆరు బిళ్లలు కలిపి 15 కావాల్సింది 45 అవుతుంది. మొత్తం మోతాదు, ఒక్కో బిళ్ల బలం రెండూ పెద్ద అక్షరాల్లో రాయాలి. అప్పటిదాకా స్ట్రిప్పు వెనక అంకె చూసుకోకుండా షాపు మెట్లు దిగకండి.

రక్త పరీక్షల విషయంలో ఈ క్లినిక్‌ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. మొదటి మూడు నెలలూ రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, తర్వాత రెండు మూడు నెలలకొకసారి సీబీసీ (రక్త కణాల లెక్క), ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) అడుగుతారు. పేషెంటుది ఏ ఊరో తప్పకుండా కనుక్కుంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చారంటే క్రియాటినిన్ చూడకుండా మెథోట్రెక్సేట్ మొదలుపెట్టరు. ఈ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు చాలామందిలో పైకి తెలియకుండానే ముదురుతుంది. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. కిడ్నీ పనితీరు లెక్క, అంటే ఈజీఎఫ్‌ఆర్, 60 కంటే తక్కువ ఉంటే మోతాదు తగ్గించాలి, 30 కంటే తక్కువైతే ఇవ్వకూడదు. ఇవ్వకూడని చోట ఇస్తే మామూలు మోతాదే విషమై కణాలు పడిపోతాయి. పైగా కీళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి షాపులో కిడ్నీకి చేటుచేసే డైక్లోఫినాక్ నొప్పి బిళ్ల కొనుక్కుని మింగినవాళ్లే ఎక్కువ. దాన్ని ఇక్కడ మొదటి రోజే మాన్పించేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, జ్వరం వస్తే చూసుకోవాల్సిన కార్డు. మెథోట్రెక్సేట్ అయినా, బయాలజిక్ ఇంజెక్షన్ (ఒంటి రక్షణలో ఏదో ఒక భాగాన్ని గురిపెట్టి అడ్డుకునే మందు) అయినా మొదలుపెట్టిన రోజున లేత పసుపు రంగు కార్డు ఒకటి చేతికిస్తారు, జేబులో పట్టేంత. జ్వరం 100.4 దాటితే ఏది ఆపాలి, ఏది ఆపకూడదో తెలుగులో ఉంటుంది. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్, టోఫాసిటినిబ్ బిళ్లలు, అడాలిముమాబ్ లాంటి బయాలజిక్ ఇంజెక్షన్లు ఆపి ఫోన్ చేయాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపక్కర్లేదు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సొంతంగా ఆపకూడదు. ఈ చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి, గీయాల్సిందే. మూడు నాలుగు వారాలకి మించి స్టెరాయిడ్ వాడితే అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోన్ తయారుచేయడం తగ్గించేస్తాయి. జ్వరంలో ఒంటికి ఆ హార్మోన్ ఇంకా ఎక్కువ కావాలి. సరిగ్గా ఆ రోజునే ‘వేడి చేస్తుంది’ అని బిళ్ల మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలిపోతారు. వాంతులై బిళ్ల నిలవకపోతే ఇంటి దగ్గర ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్ చేయించుకోవాలని కూడా కార్డులో ఉంది. ఇంత స్పష్టంగా తెలుగులో రాసిచ్చే చోట్లు అరుదు.

కార్డులో లేనివి రెండున్నాయి, రెండూ ముఖ్యమైనవే. మొదటిది సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్. మూత్రంలో మంటకో, విరేచనాలకో ఊళ్లో ఆర్‌ఎంపీ తేలిగ్గా ఇచ్చేసే ఈ బిళ్ల మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతింటుంది. రెండూ కణాల తయారీకి కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్‌నే అడ్డుకుంటాయి, పైగా సెప్ట్రాన్ వల్ల మెథోట్రెక్సేట్ కిడ్నీల నుంచి సరిగ్గా బయటికి పోదు. తెల్ల కణాలు, ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ ఒక్కసారే పడిపోయే ప్రమాదం ఉంది. ‘మెథోట్రెక్సేట్ వాడుతున్నారు, సెప్ట్రాన్ ఇవ్వకండి’ అని కార్డు మీద ఒక్క వరస అచ్చువేస్తే చాలు. నిర్వాహకులు వెంటనే చేయాల్సిన పని ఇది.

రెండోది జ్వరం లేని ఇన్ఫెక్షన్. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి లోపల చీము పడుతున్నా థర్మామీటరు 99 దగ్గరే ఆగిపోవచ్చు. టోసిలిజుమాబ్ అనే బయాలజిక్ తీసుకునేవాళ్లకి, వాపునీ ఇన్ఫెక్షన్‌నీ పట్టించే రక్త పరీక్ష సీఆర్‌పీ కూడా పెరగదు, రిపోర్టు చూసి అంతా బాగుందనుకుంటారు. కాబట్టి చలితో వణుకు, ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గడం, గుండె దడ, వీటిలో ఏది కనిపించినా జ్వరం ఉన్నట్టే లెక్క. లూపస్‌లో దీనికి తిరగేసిన లెక్క ఒకటుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు చాలామందిలో సీఆర్‌పీ పెద్దగా పెరగదు. ఊపిరితిత్తుల పొరకో గుండె పొరకో వాపు లేకుండా సీఆర్‌పీ బాగా పెరిగిందంటే ముందు ఇన్ఫెక్షన్‌నే అనుమానించాలి. ఇవేవీ కార్డులో లేవు, నోటితో చెప్పి పంపిస్తున్నారు.

ఒక్క కీలు ఎర్రబడి, వేడెక్కి, అడుగు వేయనివ్వకపోతే ఈ క్లినిక్ చేసే పని సరైనది. జబ్బు తిరగబెట్టిందని స్టెరాయిడ్ పెంచకుండా, సూదితో నీరు తీసి కల్చర్‌కి (క్రిమిని ల్యాబులో పెంచి కనిపెట్టే పరీక్షకి) పంపుతారు. రుమటాయిడ్ ఉన్న కీలులో చీము పట్టే అవకాశం మామూలు కీలు కంటే ఎక్కువ. యాంటీబయాటిక్ మొదలెట్టకముందే నీరు తీయాలి, లేకపోతే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అలాంటి మోకాలికి ఎక్కడో స్టెరాయిడ్ ‘నొప్పి సూది’ వేయించుకుంటే కీలు రోజుల్లోనే అరిగిపోతుంది.

టీబీ పరీక్షలకి పూర్తి మార్కులు. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్సెప్ట్, ఈ మూడూ టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. ఎప్పుడో ఒంట్లోకి చేరి నిద్రపోతున్న టీబీ క్రిమిని బయటికి రాకుండా కట్టిన గోడకి సిమెంటు ఈ టీఎన్‌ఎఫే. అది పోతే గోడ విడిపోతుంది. అడాలిముమాబ్‌కి మన దేశంలోనే తయారైన బయోసిమిలర్ 2014లో వచ్చాక ఈ ఇంజెక్షన్లు మన వైపు కూడా ఎక్కువమందికి అందుతున్నాయి, కాబట్టి ఈ జాగ్రత్త అవసరమూ పెరిగింది. ఇక్కడ ఎక్స్‌రే, మాంటూ (టీబీకి చేసే చర్మ పరీక్ష), టీబీ గోల్డ్ (టీబీకి చేసే రక్త పరీక్ష) మూడూ చూడకుండా ఇంజెక్షన్ ఇవ్వరు. మాంటూ చదివే తీరు చూస్తే పని తెలిసినవాళ్లని అర్థమవుతుంది: ఎర్రదనాన్ని వదిలేసి, బాల్‌పెన్ను చర్మం మీద జరుపుతూ గట్టిపడిన అంచు తగిలిన చోట ఆపి, రెండు గీతల మధ్య స్కేలు పెడతారు. 48 నుంచి 72 గంటల మధ్యే చదవాలి. రోగనిరోధకత తగ్గినవాళ్లలో 5 మిల్లీమీటర్లకే పాజిటివ్. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకి మాంటూ తప్పుగా నెగెటివ్ రావచ్చు, అందుకే టీబీ గోల్డ్‌కి అయ్యే ఖర్చు దండగ కాదు.

పాజిటివ్ వచ్చి, దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ లాంటివేవీ లేకపోతే టీబీ మందు ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికొకసారి చొప్పున 12 మోతాదులు. కనీసం ఒక నెల ఆ మందు పడ్డాకే బయాలజిక్ మొదలవుతుంది. ఆ నెల ఆగలేక వేరేచోట ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. మెథోట్రెక్సేట్, ఐసోనియాజిడ్ రెండూ లివర్ మీద భారం వేసేవే కాబట్టి ఆ నెలల్లో ఎస్‌జీపీటీ మానకూడదు. పరీక్ష నెగెటివ్ వచ్చినా ఇంజెక్షన్ల కాలంలో రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మళ్లీ మొదటినుంచి చూడాల్సిందే. ఈ మందుల మీద ఉన్నవాళ్లకి టీబీ ఊపిరితిత్తుల్లోనే రావాలని లేదు, వెన్నులోనో పొట్టలోనో రావచ్చు.

రిటుక్సిమాబ్ అనే బయాలజిక్‌కి ముందు హెపటైటిస్ బీ పరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీ హెచ్‌బీ కోర్ కూడా చేయిస్తున్నారు. మొదటిది ఒక్కటే చేసి వదిలేస్తే పాత ఇన్ఫెక్షన్ దొరకదు, తర్వాత అది తిరగబడి లివర్‌ని దెబ్బతీస్తుంది.

టీకాల దగ్గర మాత్రం ఈ క్లినిక్ ఇంకా మెరుగవ్వాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉన్నాయి. ఫ్రిజ్ లోపల థర్మామీటరు, తలుపు మీద రోజుకి రెండుసార్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య రాసిన కాగితం ఉన్నాయి, బాగుంది. కానీ న్యుమోనియాకి 13 రకాల క్రిములని అడ్డుకునే టీకా వేశాక కనీసం ఎనిమిది వారాలకి 23 రకాలని అడ్డుకునే టీకా వేయాలన్నది చీటీలో తేదీతో రాయడం లేదు. చాలామంది రెండోదానికి రారు. ఫ్లూ టీకా తర్వాత, జబ్బు అదుపులో ఉంటే, రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే టీకా బాగా పట్టుకుంటుందన్నది అడిగితేనే చెబుతున్నారు. రిటుక్సిమాబ్ మొదలుపెట్టకముందే టీకాలు పూర్తిచేయాలి, మొదలుపెట్టాక నెలల తరబడి టీకా సరిగ్గా పట్టదు. టోఫాసిటినిబ్ వాడేవాళ్లలో సర్పి ఎక్కువగా వస్తుంది. దానికి ప్రాణంలేని రకం టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, ఇక్కడ మాత్రం స్టాకు పెట్టడం లేదు. ఖరీదెక్కువే, అయినా తెప్పించి ఇస్తామని బోర్డు పెడితే కావాల్సినవాళ్లు వేయించుకుంటారు. కంటి దగ్గర సర్పి పొక్కులు లేస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

అడాలిముమాబ్‌ని విశాఖ నుంచి తెచ్చుకునేవాళ్లకి క్లినిక్‌లోనే ఐస్ బాక్సు సర్దడం చూపిస్తారు. జెల్ ప్యాకు నేరుగా సిరంజికి తగలకుండా మధ్యలో తువ్వాలు మడత పెట్టాలి. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

మన పనులకి తగ్గ సలహా ఇక్కడ సగమే దొరుకుతుంది. నాట్ల రోజుల్లో బురదలో దిగేవాళ్లకి కాళ్ల పగుళ్లు, చిన్న గాయాలు చూసుకోమంటారు, బూట్లు వేసుకోమంటారు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మొదలుపెట్టేముందు స్ట్రాంగిలాయిడిస్ పురుగు సంగతి మాత్రం అడగడం లేదు. వట్టికాళ్లతో నేల మీద నడిస్తే చర్మంలోంచి దూరే ఈ పురుగు పేగుల్లో ఏళ్లపాటు ఊరికే ఉండిపోతుంది. స్టెరాయిడ్ పెరగగానే ఒళ్లంతా పాకి, పేగుల్లోని బ్యాక్టీరియాని వెంట రక్తంలోకి తీసుకెళ్తుంది. పొలం పని చేసేవాళ్లకి మల పరీక్ష, అవసరమైతే ఐవర్‌మెక్టిన్, ముందే జరిగిపోవాలి. వానాకాలం తర్వాత వచ్చే జ్వరాల్లో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌ని కూడా మరవకూడదు. చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో ఇంట్లోవాళ్లు వెతకాలి, డాక్టరుకి చూపిస్తే డాక్సీసైక్లిన్ తొందరగా మొదలవుతుంది. సీతంపేట ఏజెన్సీ వైపు వాళ్లయితే మలేరియా పరీక్ష కూడా.

ఇక పెద్ద లోపం. డాక్టరు వారానికి ఒక్కరోజే, శనివారం, ఉంటారు, బెడ్లు లేవు, రాత్రి ఫోన్ ఎత్తరు. ఇన్ఫెక్షన్లు శనివారం దాకా ఆగవు. రాత్రిపూట వణుకో ఆయాసమో వస్తే 108కి చేసి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లడమే దారి. అక్కడ డ్యూటీ డాక్టరుకి ఆ పసుపు కార్డు ముందు చూపించండి. మెథోట్రెక్సేట్ చివరి బిళ్ల ఏ రోజు వేశారు, స్టెరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములు, ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు పడిందన్నవి చెప్పండి. లెఫ్లునమైడ్ వాడుతుంటే అది బిళ్ల ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుందని, దాన్ని బయటికి పంపడానికి కొలెస్టైరమిన్ పొడి ఉందని గుర్తుచేయండి. యాంటీబయాటిక్‌కి ముందు బ్లడ్ కల్చర్ తీయమని అడగడం తప్పేం కాదు. ఆపిన మందులు యాంటీబయాటిక్ కోర్సు పూర్తయి, మనిషి కోలుకున్నాక, డాక్టరు చెప్పాకే మళ్లీ మొదలుపెట్టాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రేలు, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్న వివరం, ఇప్పటిదాకా వాడిన ప్రతి మందూ తీసుకెళ్లాలి. పేరులేని పొట్లాల్లో ఇచ్చిన బిళ్లలు, కీళ్లకని అమ్మిన పొడులు కూడా సంచిలో వేసుకోండి. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. అది డాక్టరుకి తెలియకపోతే ఒక్కసారిగా ఆగిపోయి బీపీ పడిపోతుంది, తెలిస్తే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.