అరకు వెళ్తే టోపోషీటు పట్టుకెళ్లండి, గది చూశాకే డబ్బు కట్టండి

ముందు అరకులో మేం దిగిన లాడ్జి సంగతి చెప్పేయాలి, కోపం ఇంకా దిగలేదు. ఫోన్‌లో "కొండ కనిపించే గది సార్, 1,800" అన్నారు. తీరా కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ! అడ్వాన్సు కట్టేశారు కాబట్టి మార్చం అన్నారు. వేడినీళ్లు బకెట్ 40, రెండో దుప్పటికి 100, పొద్దున్న ఖాళీ చేసేటప్పుడు "సీజన్ చార్జీ" అంటూ ఇంకో 300. రసీదు అడిగితే మేనేజరు తలెత్తి కూడా చూడలేదు. మా బావ ఆ రోజు టిఫిన్ కూడా సరిగా తినలేదు.

రైలు ప్రయాణం మాత్రం జన్మలో మరవను. విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకున్నాం. దేశానికి పటాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులోంచి 1:50,000 టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలను గీతల్లో చూపే పటం (దానిమీద ఒక సెంటీమీటరు నేలమీద అర కిలోమీటరు) దించుకుని, ద్వారకానగర్‌లో 180 రూపాయలిచ్చి పెద్ద కాగితం మీద రంగుల్లో తీయించాను.

"ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఇదెందుకోయ్?" అని బావ విసుక్కున్నాడు. బొడ్డవర స్టేషన్ దాకా ఎత్తు గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) ఎడంఎడంగా ఉన్నాయి. ఘాట్ మొదలయ్యాక గీతకీ గీతకీ మధ్య వేలిగోరు పట్టే చోటు లేదు. ఒక్కో గీత దాటితే 20 మీటర్లు పైకెక్కినట్టు. ఫోన్ సిగ్నల్ పోయింది. త్యాడ స్టేషన్ వచ్చేసరికి షీటు బావ ఒళ్లో ఉంది, సొరంగం రాకముందే "ఇదిగో వస్తోంది" అని పక్కసీటు పిల్లలకు చెప్తున్నాడు.

ఈ పటాల వెనక ఎంత కష్టముందో తెలిస్తే చూపు మారుతుంది. 1802లో బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణ సర్వే (త్రికోణాలు కట్టుకుంటూ దేశాన్ని కొలిచే పని) 1860ల్లో విశాఖ దాకా వచ్చింది. ఇక్కడి చదును నేలమీద ఒక సరళరేఖను 10 అడుగుల లోహపు కడ్డీలతో కొలిచారు. ఎండకు ఇనుము సాగితే కొలత తప్పుతుందని, ఇనుమూ ఇత్తడీ జతచేసి ఆ తేడా కొట్టుకుపోయేలా చేసిన కడ్డీలవి. ఆ తర్వాత ఆ రేఖ పొడవు ఆధారంగా, శిఖరం నుంచి శిఖరానికి కోణాలు చూసి దూరాలు లెక్కగట్టడమే. దూరపు శిఖరం నుంచి కనిపించేలా శిఖరం మీద చెట్లు నరకాలి, పగలు అద్దంతో ఎండ మెరిపించాలి, రాత్రి దీపం పెట్టాలి. కోణాలు కొలిచే పరికరం థియొడొలైటును మోసుకుంటూ కొండలెక్కిన ఖలాసీల (సర్వే కూలీల) పేర్లు ఏ పటం మీదా లేవు. మన్యపు జ్వరాలకు ఎందరు పోయారో! నాకు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

బొర్రా గుహలు, మ్యూజియం బాగానే గడిచాయి. గాలికొండ వ్యూపాయింటుకి ఆటో 600 అడిగి 450కి వచ్చింది, అక్కడ కాఫీ 20. షీటు పరిచి ఒక్కో శిఖరాన్నీ గుర్తుపట్టడానికి గంట పట్టింది, ఆ గంటకే మొత్తం ఖర్చు గిట్టింది.

షీటును మడవకండి, గొట్టంలా చుట్టి పట్టుకెళ్లండి. గదికి మాత్రం కళ్లతో చూడకుండా రూపాయి పంపొద్దు. నచ్చకపోతే సాయంత్రం బస్సుకి విశాఖ వచ్చేయడమే మేలు.