ఇండీ రాక్ సీడీలు యాడ నుంచి తెప్పించుకుంటే మేలు?

అనంతపురంలో మా ఇంటికి వచ్చి ఇండీ రాక్ (పెద్ద కంపెనీలు కాకుండా చిన్న కంపెనీలు తెచ్చే రాక్ సంగీతం) సీడీల అర చూసిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "అన్నా, ఇవి యాడ నుంచి తెప్పిస్తావు?" నేను అరగంట చెప్తా. అంతా విని "ఫోన్లో వస్తాయి కదన్నా ఇవన్నీ" అంటారు కొందరు. వాళ్ళతో నాకు పేచీ లేదు. నిజంగా కొనాలనుకునేవాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, మొన్న ఒక్క వారంలోనే ముగ్గురు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అసలు పోటీ రెండింటి మధ్యే. బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో నేరుగా బ్యాండు దగ్గరో లేబుల్ (వాళ్ళ పాటలు విడుదల చేసే కంపెనీ) దగ్గరో కొత్తది కొనడం ఒకటి, డిస్కాగ్స్ అనే సైటులో ఎవరో వాడిన సీడీ కొనడం రెండోది. మిగతా దారుల గురించి చివర్లో రెండేసి ముక్కలు చెప్పి వదిలేస్తా.

కొత్తగా కొనేవాళ్ళు అందరూ ముందు సీడీ ధర చూస్తారు. నేనూ అదే చేశా. నా మొదటి ఆర్డర్‌లో సీడీ 10 డాలర్లు, అబ్బో చవకే అనుకున్నా, చెల్లించే పేజీకి పోతే పోస్టేజీ 16 డాలర్లు. చారాణా కోడికి బారాణా మసాలా. అయినా కక్కుర్తి కొద్దీ కొన్నా. అది వచ్చింది కానీ సీడీ ఉండే ప్లాస్టిక్ పెట్టె పగిలి వచ్చింది, మధ్యలో డిస్కును పట్టుకునే పళ్ళు విరిగిపోయి లోపల గలగలమంటున్నాయి, డిస్కు మీద ఆ ముక్కలు గీసిన గీతలు. అప్పుడు అర్థమైంది నేను 16 డాలర్లు ఇచ్చింది ఎక్కువగా ఆ పనికిరాని ప్లాస్టిక్‌ను సముద్రం దాటించడానికే అని.

మా ఆవిడ కేకుల కోసం కొన్న చిన్న తూకం మిషన్ ఉంది. దాని మీద ఒక సీడీని పెట్టెతో సహా పెట్టి చూశా, ఇంచుమించు 100 గ్రాములు. డిస్కు ఒక్కటే తీసి పెడితే 16. లోపలి పుస్తకం, వెనక అట్ట కాగితం కలుపుకున్నా 40 దాటలేదు. విదేశాల నుంచి వచ్చే పోస్టు బరువును బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఆ మెట్టులోపల ఉన్నంతవరకు ఒక సీడీ పెట్టినా మూడు పెట్టినా అదే రేటు. కాబట్టి నా లెక్కలో ఏది మేలు అన్నది తేల్చేది సీడీ ధర కాదు. ఒకే మనిషి దగ్గర ఎన్ని దొరుకుతాయి, ఆ మనిషి పెట్టెలు తీసేసి పంపడానికి ఒప్పుకుంటాడా, ఈ రెండే.

ఇక్కడ డిస్కాగ్స్ గెలుస్తుంది. ఒక్కో అమ్మకందారు దగ్గర వందలు, వేలు సీడీలు ఉంటాయి. మీకు కావలసింది ఒకటి దొరికిందా, వెంటనే కొనేయకండి, ఆయన దగ్గర ఇంకేమున్నాయో మొత్తం చూడండి. నా ఆఖరి ఆర్డర్ ఇంగ్లాండ్‌లో ఒకాయన దగ్గర. ఆరు సీడీలు కలిపి 27 పౌండ్లు. "పెట్టెలు వద్దు, డిస్కులు కాగితం కవర్లలో పెట్టి, పుస్తకాలు, వెనక అట్టలు విడిగా పెట్టి పంపండి" అని మెసేజ్ పెట్టా. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు, పెట్టెలు తనకే మిగులుతాయి కదా. పోస్టేజీ 14 పౌండ్లు అయింది. అన్నీ కలుపుకుని ఒక్కోటి మన డబ్బుల్లో 800 చిల్లర. అదే ఆరింటిని ఆరు చోట్ల కొని ఉంటే పోస్టేజీకే నా జీతంలో చిల్లు పడేది.

మరి పెట్టెలు? పాతూరులో ఒక పాత క్యాసెట్ల షాపులో అడుగున దుమ్ము పట్టి ఉన్న అయ్యప్ప భజనల సీడీలు పది రూపాయలకొకటి ఇచ్చాడు. ఒక డజను తెచ్చా. ఆ పెట్టెల్లో ఇప్పుడు మాంచెస్టర్, సియాటిల్ బ్యాండ్లు కూర్చున్నాయి. భజనలను పారేయలేదు లెండి, కవర్లలో పెట్టి మా అత్తకిచ్చా, ఆమె కారులో వింటుంది.

డిస్కాగ్స్‌లో జాగ్రత్తలు లేవని కాదు. కండిషన్ దగ్గర 'వీజీ ప్లస్' (వెరీ గుడ్ ప్లస్, అంటే వాడినదైనా బాగానే ఉన్నది) కన్నా కిందవి నేను ముట్టను. 1988 నుంచి 1993 మధ్య ఇంగ్లాండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో పీడీఓ అనే ఫ్యాక్టరీలో చేసిన సీడీలు కొన్ని కాలక్రమంలో రాగి రంగుకు తిరిగి, అంచుల నుంచి పాడవుతూ వస్తాయి. డిస్కు మీద పూసిన లక్క, పుస్తకం కాగితంలోని గంధకానికి తట్టుకోలేకపోవడమే కారణం. ఆ కాలపు బ్రిటిష్ ఇండీ సీడీ కొనేటప్పుడు డిస్కు మధ్య రంధ్రం పక్కనుండే లోపలి చుట్టు మీద 'మేడ్ ఇన్ యూకే బై పీడీఓ' అని ఉందా, ఉంటే రంగు మారిందా అని ఫోటో అడగండి. ఫోటో పంపడానికి బద్ధకించేవాడి దగ్గర కొనక్కర్లేదు.

జపాన్ ఎడిషన్ల మోజు ఉన్నవాళ్ళకు ఒక మాట. అక్కడ లోకల్‌గా అచ్చేసిన సీడీలు బయటి నుంచి వచ్చే వాటికన్నా ఖరీదు, అందుకే జనం వాటినే కొనేలా ఒకటి రెండు పాటలు ఎక్కువ పెడతారు. పక్కన చుట్టే కాగితం పట్టీ, దాన్ని ఓబి అంటారు, అది ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో రేటు ఇంకా పైకి పోతుంది. ఆ పట్టీ కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టే ఓపిక నాకైతే లేదు.

బ్యాండ్‌క్యాంప్‌కు వద్దాం. దాని మంచి దానికుంది, అది చిన్నదేమీ కాదు. సెకండ్‌హ్యాండ్ సీడీలో బ్యాండుకు ఒక్క పైసా పోదు, ఇక్కడ కొంటే సీడీ మీద బ్యాండ్‌క్యాంప్ 10 శాతం వాటా తీసుకుని, చెల్లింపు చార్జీలు పోను మిగతాది వాళ్ళకు వదిలేస్తుంది. 2020 మార్చిలో మొదలైన 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' అనే కొన్ని ప్రత్యేక శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. మామూలుగా సీడీ కొన్న నిమిషంలో పాటల ఫైళ్ళు కూడా చేతికొస్తాయి, పొట్లం వచ్చేదాకా గుటకలు మింగుతూ కూర్చోనక్కర్లేదు. తంటా ఏమిటంటే నాలుగు బ్యాండ్ల సీడీలు కొంటే నాలుగు పొట్లాలు, నాలుగు పోస్టేజీలు. శుక్రవారమైనా శనివారమైనా పోస్టాఫీసుకు పట్టదు. దీనికి ఒక మందు ఉంది, బ్యాండు పేజీలో కాకుండా లేబుల్ పేజీలో కొనడం. అమెరికాలో నార్త్ కరోలినాలోని మెర్జ్, వాషింగ్టన్ డీసీలోని డిస్కార్డ్ లాంటి లేబుళ్ళకు సొంత పేజీలున్నాయి, వాళ్ళవే మూడు నాలుగు ఆల్బమ్‌లు కలిపి తీసుకుంటే రెండోదాని నుంచి పోస్టేజీ బాగా తగ్గుతుంది. (డిస్కార్డ్ వాళ్ళు షాపులు ఎక్కువ గుంజకుండా ఒకప్పుడు పోస్టేజీతో కలిపిన ధరను రికార్డు మీదే అచ్చేసేవాళ్ళు. ఆ ధర అమెరికా వాళ్ళకు లెండి, అనంతపురానికి కాదు.)

ఇంకోటి, మరీ చిన్న బ్యాండ్లు ఫ్యాక్టరీలో కాకుండా ఇంట్లో కంప్యూటర్ మీద రాసిన సీడీ-ఆర్‌లు అమ్ముతుంటాయి. వివరాల్లో చూసుకోండి. వాటిలోని రంగు పొరకు ఎండా వేడీ పడవు, మన ఏప్రిల్ ఎండల్లో ఆ పొట్లం ఎక్కడెక్కడ మగ్గి వస్తుందో ఆలోచించండి. నేను అలాంటివి దీపావళి తర్వాతే ఆర్డర్ పెడతా.

మిగతావి గబగబా. మన దేశంలో 'ఇంపోర్టెడ్' అని అమ్మే ఆన్‌లైన్ షాపులు: ఒకచోట 2,400 కట్టి ఆరు వారాలు ఆగాక, స్టాకు లేదని డబ్బులు వెనక్కి ఇచ్చారు. మనం ఆర్డర్ పెట్టాక వాళ్ళు బయట వెతుక్కునే రకం చాలామంది. బెంగళూరు: వేరే పని మీద పోతే చూడండి, సీడీల కోసమే పోకండి. అమెరికా చుట్టాలు: మా పెద్దమ్మ కొడుకు డల్లాస్ నుంచి వస్తూ ఒకసారి పది తెచ్చాడు, పోస్టేజీ సున్నా, అంతకన్నా చవక లేదు, కానీ ఆయన రెండేళ్ళకోసారి వస్తాడు, పైగా తిరుగు ప్రయాణంలో కారప్పొడి, చెనిగ్గింజలు మనమే సర్దాలి.

కొనేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోండి, అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. కరెన్సీ మార్చినందుకు బ్యాంకు కొంత కోస్తుంది. కొరియర్ కన్నా పోస్టే అడగండి, కొరియర్ వాళ్ళు కస్టమ్స్ డ్యూటీ మీద తమ చార్జీ కూడా వేస్తారు. పోస్టులో డ్యూటీ పడితే పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గరే వసూలు చేసుకుని రసీదు ఇస్తాడు. 13 అక్షరాల ట్రాకింగ్ నంబర్ ఇండియా పోస్టు సైటులో కూడా పని చేస్తుంది. కస్టమ్స్ దగ్గర వారం పది రోజులు కదలకపోతే టెన్షన్ పడకండి, నా ఆరు సీడీల పొట్లం అక్కడ పదమూడు రోజులు పడుకుంది.