39 ఏళ్ల వయసులో జపనీస్ డిగ్రీకి దరఖాస్తు: విజయనగరంలోని ఒక కన్సల్టెన్సీపై నా సమీక్ష

విజయనగరం గంట స్తంభం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక విదేశీ విద్యా కన్సల్టెన్సీలో నేను రెండు సేవలకు డబ్బు కట్టాను. ఆదివారపు జపనీస్ తరగతులకు 12,000 రూపాయలు, బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు తయారు చేసి పెట్టడానికి 18,000 రూపాయలు. తక్కువ డబ్బు కట్టిన చోటే ఎక్కువ మేలు జరిగింది. ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ డిగ్రీ చదవాలనుకునే నాలాంటివారికి ఈ తేడా ముందే తెలియడం మంచిదని వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు.

నేను రసాయనశాస్త్రంలో బీఎస్సీ చేసి, పదిహేనేళ్లుగా పైడిభీమవరంలోని ఒక మందుల కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. జపాన్ ఔషధ నియంత్రణ సంస్థ పీఎమ్‌డీఏ నుంచి తనిఖీకి వచ్చినవారు మా రికార్డులోని ఒకే ఒక్క వాక్యం మీద దుబాసీ ద్వారా ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేసిన రోజున నాకు ఈ భాష మీద ఆసక్తి కలిగింది. ఈ సంగతి చెప్పినప్పుడు దరఖాస్తులు చూసే అబ్బాయి దాన్ని కాగితం మీద పెట్టలేదు. అంతవరకు ‘సార్’ అని పిలిచినవాడు నా వయసు విన్నాక ‘అంకుల్’ అనడం మొదలుపెట్టి, “అంకుల్, ఈ గ్యాప్ పెద్దగా కనిపించకుండా రాసేద్దాం” అన్నాడు. బ్రిటన్‌లో డిగ్రీ మొదలయ్యేనాటికి 21 ఏళ్లు నిండిన ప్రతివారినీ పెద్ద వయసు విద్యార్థులుగానే లెక్కిస్తారు కనుక, అక్కడ దాచుకోవలసిన విషయమే కాదది.

అతను రాసి ఇచ్చిన వ్యాసంలో చెర్రీ పూలు, బుల్లెట్ రైలు, జపాన్ క్రమశిక్షణ ఉన్నాయి, నేను లేను. పైగా అది పాత పద్ధతిలో ఒకే వ్యాసంగా ఉంది. అక్కడి దరఖాస్తులను స్వీకరించే యూకాస్ 2026 ప్రవేశాల నుంచి ఆ వ్యాసాన్ని మూడు ప్రశ్నలుగా మార్చింది: ఈ చదువు ఎందుకు కావాలి, ఇప్పటివరకు చదివినది దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువుకు బయట ఏం చేశారు. మూడింటికీ కలిపి 4,000 అక్షరాలు మించకూడదు, ఒక్కోదానికి 350 అక్షరాలకు తగ్గకూడదు. ఈ మార్పును నేను చూపించాక ఆ వ్యాసాన్నే మూడు ముక్కలు చేసి పంపారు. యూకాస్ వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసి, పోలికలు దొరికితే విశ్వవిద్యాలయాలకు తెలియజేస్తుందని తెలిసినవారెవరూ ఇలాంటి అచ్చు వ్యాసం పంపే సాహసం చేయరు. సిఫారసు లేఖ విషయం ఇంకా విచిత్రం. నాకు ఎన్నడూ పాఠం చెప్పని ఒక లెక్చరర్ చేత రాయిస్తామన్నారు. చదువు మానేసి చాలా కాలమైనవారు తమ పనిని ఎరిగిన పై అధికారి చేత రాయించుకోవచ్చు. నేను మా మేనేజరు గారి చేత రాయించుకున్నాను.

తరగతులు మాత్రం వేరే లోకం. విశాఖ నుంచి వచ్చే టీచరు గారు తొమ్మిదిమందిమి ఉన్న బ్యాచ్‌కు వ్యాకరణాన్ని తెలుగు మీదుగా నేర్పారు. క్రియ చివరన రావడం, విభక్తులు నామం వెనక చేరడం మనకు కొత్త కాదు. మన క్త్వార్థకం లాంటి ‘తె’ రూపంతో ఆవిడ రెండు నెలలు ఆడుకున్నారనే చెప్పాలి: ‘తబెతె మిరు’ అంటే అచ్చంగా ‘తిని చూడటం’, ‘కత్తె ఒకు’ అంటే ‘కొని పెట్టుకోవడం’, ‘మిరు’ అంటే చూడటం, ‘ఒకు’ అంటే పెట్టడం. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారు కంఠస్థం చేసే ఈ ప్రయోగాలు మనకు ఇంటి మాటల్లా వినిపిస్తాయి. వాక్యంలో విషయాన్ని, కర్తను చూపే ‘వ’, ‘గ’ ప్రత్యయాల తేడా దగ్గర, కంజీలనే 2,136 నిత్యవ్యవహార చైనా లిపి అక్షరాల దగ్గర మాత్రం తెలుగు ఏమీ ఆదుకోదని కూడా ఆవిడే మొదటి రోజున చెప్పారు.

నా వ్యాసాన్ని సరిదిద్దడం ఆవిడ పని కాదు, అడిగితే చదివి, “మీ ఫ్యాక్టరీలో ఇలాంటి రిపోర్టు మీరు ఒప్పుకుంటారా? అన్నీ అభిప్రాయాలే, ఒక్క ఆధారం లేదు” అన్నారు. ఆ మాటతో మళ్లీ రాశాను. మొదటి ప్రశ్నకు తనిఖీ రోజున చర్చకు వచ్చిన ఆ వాక్యం, రెండోదానికి తెలుగు, జపనీస్ క్రియల పోలికతో పాటు నాకు పట్టుబడని ‘వ’, ‘గ’ల సంగతి, మూడోదానికి షిఫ్టు ముగిశాక కంపెనీ బస్సులో చదివిన ఏడాది లెక్క. జపనీస్ డిగ్రీని అక్షరాల నుంచి మొదలుపెట్టే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. అక్కడ ముందే భాష రావాలని అడగరు గాని, ఈ వయసులో భాష నేర్చుకోగలడా అన్న సందేహానికి కాగితం మీద జవాబు ఉండాలి.

ఆ జవాబు కోసమే 2025 జులైలో చెన్నై వెళ్లి, జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికన్నా కింది స్థాయి అయిన ఎన్5 రాశాను. 180కి 80 మార్కులు వస్తే చాలు, అయితే వినికిడిలో 60కి కనీసం 19 విడిగా రావాలి. నేను గట్టెక్కింది అక్కడే, 24తో. పరీక్ష డిసెంబరులోనూ ఉంటుంది గాని, దాని ఫలితాలు జనవరి చివరకు గాని రావు, యూకాస్ గడువు జనవరి 14తోనే ముగిసింది. కన్సల్టెన్సీ వారు డిసెంబరులో రాయమన్నారు, జులైలో రాయమన్నది టీచరు గారు.

ఎంచుకున్న ఐదింటిలో రెండు విశ్వవిద్యాలయాల నుంచి ఇంగ్లీషు పరీక్ష షరతుతో ఆఫర్లు వచ్చాయి. తరగతులకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. గది ఇరుకు, కరెంటు పోతే జనరేటరు లేదు. దరఖాస్తు సేవకు ఒకటి. రసీదు అడిగి తీసుకోండి, రెండు సేవలూ కలిపి కడితే తగ్గింపు ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆదివారం బ్యాచ్‌లో చోటు ఉందో లేదో మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి.