డక్‌డక్‌గో: చాలాకాలం వాడాక ఏం నమ్మవచ్చు, ఏం నమ్మకూడదు

ఏళ్లుగా రోజూ వాడుతున్నాక చెప్పగలిగేది ఇది: డక్‌డక్‌గో మీద జరిగే వాదనల్లో సగం, రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా చూడడం వల్ల వచ్చినవే. ఒకటి 2008లో గేబ్రియల్ వైన్‌బర్గ్ మొదలుపెట్టిన సెర్చ్ పేజీ. రెండోది అదే కంపెనీ బ్రౌజర్.

2021 జనవరిలో తొలిసారి ఒక్క రోజులో 10 కోట్ల సెర్చ్‌లు దాటాయి. జనం వచ్చింది ‘మిమ్మల్ని ట్రాక్ చేయం’ అన్న మాట నమ్మి. అందుకే 2022 మేలో బయటపడ్డ సంగతి అంతగా నొప్పించింది. ఆ బ్రౌజర్ ఇతర సైట్లలో గూగుల్, ఫేస్‌బుక్ ట్రాకర్లను (మీరేం చూస్తున్నారో గమనించే కోడ్) ఆపుతూ, మైక్రోసాఫ్ట్ వాటిలో కొన్నిటిని మాత్రం లోడ్ కానిచ్చేది. సెర్చ్ ఫలితాల కోసం మైక్రోసాఫ్ట్‌తో చేసుకున్న ఒప్పందమే కారణం. ఆగస్టులో ఆ ట్రాకర్లనూ ఆపడం మొదలుపెట్టారు. దిద్దుకున్నారు, సరే. కానీ ఆ మినహాయింపును వాళ్లే ముందుగా చెప్పి ఉండాల్సింది. బయటి పరిశోధకుడు పట్టుకున్నాక ఒప్పుకోవడం పెద్ద తప్పే. అదే ఏడాది మార్చిలో రష్యా తప్పుడు ప్రచారపు సైట్లను ఫలితాల్లో కిందికి దించుతున్నామని ప్రకటించినప్పుడు కూడా, తటస్థంగా ఉంటుందని నమ్మి వచ్చినవాళ్లు మండిపడ్డారు.

ఇక సెర్చ్ సంగతి. మామూలు లింకులు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ నుంచే వస్తాయి. 2024 మే 23న బింగ్ ఆగిపోతే ఇదీ ఆగిపోయింది. మీరు అడిగింది మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబర్) లేకుండా బింగ్‌కు వెళుతుంది. ప్రకటన నొక్కితే మాత్రం లెక్క వేరు: బిల్లింగ్ కోసమంటూ మైక్రోసాఫ్ట్‌కు మీ ఐపీ చేరుతుంది. దీనికి మందు చిన్నదే. సెట్టింగ్స్‌లో ‘అడ్వర్టైజ్‌మెంట్స్’ ఆఫ్ చేయండి, ప్రకటనలే కనిపించవు. అక్కడే రీజియన్‌ను ఇండియాకు మార్చండి. అది చేయకుండా ‘మన ఊరి ఫలితాలు రావడం లేదు’ అనేవాళ్లే ఎక్కువ. ఈ మార్పులు కుకీల్లో (సైట్లు మీ బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) ఉంటాయి కాబట్టి కుకీలు తుడిచేస్తే మళ్లీ మొదటికి వస్తాయి.

చాలామంది పొరబడేది బ్యాంగ్‌లు అనే షార్ట్‌కట్‌ల దగ్గర. ఆశ్చర్యార్థక గుర్తు పెట్టి పక్కనే ఇంగ్లిష్ జి అక్షరం కొడితే గూగుల్‌కు, డబ్ల్యూ కొడితే వికీపీడియాకు తీసుకెళుతుంది. చాలా వేగంగా పనిచేసే సౌకర్యం. అయితే గూగుల్‌లోకి దిగాక అక్కడ ఏ ముసుగూ ఉండదు, మీరు నేరుగా వెళ్లినట్టే. ఆ సెర్చ్ గూగుల్ ఖాతాలోకి ఎక్కకూడదనుకుంటే ముందే లాగౌట్ అవ్వాలి. అలాగే డక్‌డక్‌గో సెర్చ్ వీపీఎన్ (మీ నెట్ రాకపోకలను దాచే సేవ) కాదు; మీరు ఏ సైటుకు వెళుతున్నారో నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది.

తెలుగు లిపిలో వెతికేటప్పుడు నా పద్ధతి: ముందు ఇక్కడ చూడడం, సరిపోకపోతే అదే మాట చివర గూగుల్ బ్యాంగ్ తగిలించడం. దుకాణం వేళలు, ఫోన్ నంబర్ల లాంటి వాటికి ఇక్కడ కాలయాపన వద్దు, ఎందుకంటే ఇందులోని మ్యాప్ ఆపిల్‌ది. మన చిన్న ఊళ్లకు గూగుల్ మ్యాపే మెరుగు.

2020 జులై మొదట్లో మన దేశంలో చాలామందికి ఈ సైట్ తెరుచుకోలేదు. లోపం తమవైపు లేదని చెప్పి, డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని నెట్ చిరునామాగా మార్చే సేవ) మార్చి చూడమని కంపెనీ సూచించింది. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ దగ్గర ఆ మార్పు చేసుకోవచ్చు. సెర్చ్‌కు డక్‌డక్‌గోనే ఉంచుకోమంటాను. బ్రౌజర్‌గా మాత్రం ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను, ట్రాకర్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ వేసుకుని వాడడమే నాకు మెరుగనిపించింది.